డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ అసైన్‌మెంట్లకి మార్కులు ఎలా వేస్తున్నారు? అవుట్‌పుట్ చూసి వేస్తే న్యాయం జరగట్లేదు

కావ్య_డీఎస్_ల్యాబ్

అందరికీ నమస్కారం. ఈ సెమిస్టర్ సెకండియర్ వాళ్ళ డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ నాకిచ్చారు, మూడు సెక్షన్లు, ఒక్కో సెక్షన్‌లో అరవై మంది పైనే. మాది జేఎన్టీయూహెచ్ ఆర్22 రెగ్యులేషన్స్ (2022 నాటి నిబంధనలు), ల్యాబ్‌కి 40 ఇంటర్నల్, 60 ఎక్స్‌టర్నల్. ఎక్స్‌టర్నల్ సంగతి వదిలేయండి, వారం వారం వేసే మార్కులు మాత్రం మన చేతిలోవే కదా, వాటికి ఒక పద్ధతంటూ పెట్టాలని ఉంది.

ఇప్పటిదాకా డిపార్ట్‌మెంట్‌లో నడుస్తున్నది ఇదీ: 10కి అవుట్‌పుట్ 5, రికార్డు 3, వైవా 2. పోయిన వారం సింగ్లీ లింక్డ్ లిస్ట్, అంటే ఒక్కో నోడ్ (డేటా పెట్టె) తన తర్వాతి నోడ్‌ని చూపించే గొలుసు. ఒకమ్మాయి డిలీట్ ఫంక్షన్ సొంతంగా రాసుకుంది, మధ్య నోడ్ తీసేస్తే పోతోంది, చివరిది తీసేస్తే పోతోంది, మొదటి నోడ్ తీసేస్తే మాత్రం హెడ్ (మొదటి నోడ్‌ని చూపించే పాయింటర్) మారక సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే ప్రోగ్రాం క్రాష్. పక్క సిస్టమ్ మీద అబ్బాయిది అన్నీ కరెక్టే, కాకపోతే వేరియబుల్ పేర్లతో సహా అది మా ల్యాబ్ మాన్యువల్‌లో ప్రోగ్రామే. "ఇక్కడ టెంప్ ఎందుకు పెట్టావు నాన్నా" అంటే తల దించుకుని నిలబడ్డాడు. పాత లెక్క ప్రకారం వేస్తే అమ్మాయికి ప్రోగ్రాం రన్ అవ్వలేదని 5, అబ్బాయికి 8. అలా వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

మీ దగ్గర ఏం చేస్తున్నారో చెప్పండి. రుబ్రిక్ షీట్లు (దేనికెన్ని మార్కులో చెప్పే పట్టికలు) నెట్‌లో బోలెడు దొరుకుతున్నాయి, "ఎక్సలెంట్, గుడ్, యావరేజ్, పూర్" అని నాలుగు గడులు గీసి ఉంటున్నాయి, ఆ గడుల్లో చూసి ఈ ఇద్దరికీ ఎంత వెయ్యాలో మాత్రం తెలియట్లేదు.

బందరు_మాస్టారు

అమ్మా, ముందు ఆ మెనూ డ్రివెన్ ప్రోగ్రాం అడగడం ఆపెయ్యండి. 1 నొక్కితే ఇన్సర్ట్, 2 నొక్కితే డిలీట్, స్విచ్ కేసు, ఎంటర్ యువర్ ఛాయిస్... పిల్లల టైమంతా ఆ ప్రింట్ఎఫ్‌లు రాయడానికే పోతుంది, మనకేమో అది ఆటోమేటిగ్గా చెక్ చేసుకునే వీలుండదు, ఒకడు "ఎంటర్ ఛాయిస్" అంటాడు ఇంకొకడు "ఎంటర్ యువర్ ఆప్షన్" అంటాడు, స్పేస్ ఒకటి ఎక్కువైతే అవుట్‌పుట్ మ్యాచ్ అవ్వదు.

ఫంక్షన్ పేరు, అది ఏం తీసుకుంటుంది, ఏం తిరిగిస్తుంది, ఈ మూడూ మీరే హెడర్ ఫైల్లో రాసిచ్చేయండి. పిల్లలు ఫంక్షన్లు మాత్రమే రాస్తారు. మెయిన్ (ప్రోగ్రాం మొదలయ్యే ఫంక్షన్) మీది. మీ మెయిన్‌లోంచి వాళ్ళ ఫంక్షన్‌ని ఒక్కో పరిస్థితిలో పిలవండి. డిలీట్‌కి నేను పెట్టేవి ఆరు: ఖాళీ లిస్టు, ఒకే నోడ్ ఉన్న లిస్టు, మొదటి నోడ్, మధ్య నోడ్, చివరి నోడ్, అసలు లేని వాల్యూ. ఒక్కో కేసుకీ విడిగా మార్కు. మీరు చెప్పిన అమ్మాయికి మధ్యదీ చివరిదీ వచ్చేసినట్టే, లేని వాల్యూ కూడా చూసుకుని ఉంటే మూడు వచ్చినట్టు, ఎక్కడ పోయిందో ఆ అమ్మాయికే కనపడుతుంది. ఇప్పుడైతే రన్ అవ్వలేదన్న ఒక్క మాటతో చేసిందంతా కొట్టుకుపోతోంది.

ఒక జాగ్రత్త. ఆరు కేసులూ ఒకే ప్రోగ్రాంలో వరసగా పెడితే మూడోది క్రాష్ అయిందంటే తర్వాత మూడూ అసలు నడవవు. ప్రతి కేసునీ విడిగా రన్ చెయ్యండి, లైనక్స్‌లో టైమౌట్ కమాండ్‌తో రెండు సెకన్లు పెట్టండి, ఇన్ఫినిట్ లూప్ పడినా అదే ఆగిపోతుంది.

కేసులు ఎంచుకోవడంలోనే అసలు పనంతా ఉంది. ఫస్టియర్‌లో లీప్ ఇయర్ ప్రోగ్రాం అందరం చేయిస్తాం. 2024, 2023 ఇచ్చి చూస్తే నాలుగుతో భాగిస్తే చాలనుకున్నవాడికీ ఫుల్ మార్కులే. 1900 ఇవ్వండి, వాడు అక్కడ ఆగుతాడు. 100 సంగతి తెలిసి 400 సంగతి తెలియనివాడు 2000 దగ్గర ఆగుతాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ నంబరూ (ఎన్ని అంకెలుంటే ఒక్కో అంకెకీ అంత ఘాతం వేసి కూడితే మళ్ళీ అదే నంబరు రావాలి) అంతే, 153, 370, 371, 407 అన్నీ మూడంకెలవే, క్యూబ్ చేసి కూడితే సరిపోయాయి అనిపిస్తుంది, 1634 ఇస్తే ఎవడు అంకెలు లెక్కపెట్టాడో బయటపడుతుంది. ఎంత తెలిసినవాడు ఎక్కడ ఆగుతాడో మనకి ముందే తెలిసి ఉండాలి, అక్కడొక కేసు పెట్టాలి. ఊరికే ఇరవై కేసులు పెడితే ఏమీ తేలదు.

ఓరుగల్లు_రవి

మాస్టారు చెప్పింది మంచిగుంది గని ఒక్క మాట. నేను పాలిటెక్నిక్‌ల చెప్త. మా ల్యాబ్‌ల సగం సిస్టమ్స్‌ల ఇంకా టర్బో సీ అనే పాత కంపైలరే. పిల్లగాడు ఇంట్ల ఫోన్‌ల ఆన్‌లైన్ కంపైలర్ మీద ఫ్యాక్టోరియల్ రాసి చూసుకుంటడు, 8 ఇస్తే 40320 మంచిగనే వస్తది. అదే ప్రోగ్రాం ల్యాబ్‌ల రన్ చేస్తే మైనస్ 25216 వస్తది, ఎందుకంటే టర్బో సీల ఇంట్ (పూర్ణాంకాలు పెట్టే టైపు) 16 బిట్లే, 32767 దాటితే పట్టదు. ఇంటి కాడ కంపైలర్‌ల ఇంట్ 32 బిట్లు, ఆడ 12 దాక నడిచి 13 కాడ తప్పుతది. లాజిక్ ఒక్కటే, కంపైలర్ మారింది. ఎగ్జామినర్ వచ్చి "అవుట్‌పుట్ తప్పు" అని కొట్టేస్తే ఆ పోరడు ఏం నేర్చుకున్నట్టు?

అందుకే మార్కుల పద్ధతి రాసేటప్పుడు ఏ కంపైలర్, ఏ ఆప్షన్స్, గవి మొదటి లైన్లనే రాయాలె. మేం ఉన్న మంచి సిస్టమ్స్‌ల జీసీసీ కంపైలర్ ఏసి, వార్నింగ్స్ అన్నీ ఆన్ పెట్టి అదే స్టాండర్డ్ అని గోడకు అంటించినం. గెట్స్ (లైను చదివే పాత ఫంక్షన్) వాడొద్దని సుత రాసినం, 2011 సీ స్టాండర్డ్‌లనే దాన్ని తీసేసిన్రు, మన పుస్తకాలల్ల మాత్రం ఇంకా ఉన్నది.

ఇంకోటి. కంపైల్ కాకపోతే జీరో అంటున్రా మీరు? ఒక సెమికోలన్ పోతే జీరోనా?

కావ్య_డీఎస్_ల్యాబ్

రవి గారూ, అదే నాకూ తేలట్లేదు. జీరో వేస్తే అన్యాయం, మార్కులు వేస్తే కంపైల్ చెయ్యకుండానే తెచ్చి ఇచ్చేస్తారు.

హైటెక్‌సిటీ_దేవ్

జీరోనే వెయ్యండి మేడమ్, కాకపోతే వెంటనే కాదు. సబ్మిట్ చేసే చోటే కంపైల్ అయ్యేలా పెట్టండి, అవ్వకపోతే సబ్మిషనే తీసుకోవద్దు, ఎర్రర్ వాడికి చూపించి వెనక్కి పంపండి. మూడుల్ అనే ఆన్‌లైన్ క్లాస్‌రూమ్ సాఫ్ట్‌వేర్ వాడే కాలేజీ అయితే వీపీఎల్ అనే ప్లగిన్ ఉంది, కోడ్‌రన్నర్ ఉంది, రెండూ ఫ్రీనే. సర్వర్ లేదంటే ల్యాబ్ మెషిన్‌లో చిన్న షెల్ స్క్రిప్ట్ (వరసగా కమాండ్లు నడిపే ఫైలు) చాలు. ల్యాబ్ టైం అయిపోయేసరికి కంపైల్ అయిన వెర్షన్ ఒక్కటైనా వాడి పేరు మీద ఉండాలి, ముందు ఖాళీ ఫంక్షన్లతో ఒకటి పెట్టమనండి, అక్కడి నుంచి పెంచుకుంటూ పోతారు. ఆఫీసులో మేం చేసేదీ అదే, కంపైల్ అవ్వని కోడ్ రివ్యూకే రాదు.

ఫైనల్‌ఇయర్_నాని

సార్, మేడమ్, నేను స్టూడెంట్‌ని, మాట్లాడొచ్చో లేదో, కానీ ఒకటి చెప్పాలి. మాకు ఏ ల్యాబ్‌లోనూ మార్కులు దేనికి వేస్తారో ముందు చెప్పరు. రికార్డు నీట్‌గా ఉండాలి, అండర్‌లైన్లు కొట్టాలి, అవుట్‌పుట్ కుడిపక్క పేజీలో పెన్సిల్‌తో రాయాలి, ఇవి మాత్రం గట్టిగా చెప్తారు. కాబట్టి మేం వాటికే టైం పెడతాం. వైవాలో "లింక్డ్ లిస్ట్ డెఫినిషన్ చెప్పు, అడ్వాంటేజెస్ చెప్పు" అంటారు, అవి బట్టీ పట్టేస్తాం. నా కోడ్ తెరిచి ఈ లైన్ తీసేస్తే ఏమవుతుంది అని నన్ను అడిగిన వాళ్ళే లేరు. అడిగి ఉంటే నేను పాయింటర్లు సెకండియర్‌లోనే నేర్చుకునేవాణ్ణి, ప్లేస్‌మెంట్లప్పుడు కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది.

హిడెన్ టెస్ట్ కేసులంటే మాకు ఒళ్ళు మండేది కూడా ఇందుకే. "6లో 3 పాస్" అని వస్తుంది, ఏవి పోయాయో చెప్పదు. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు) పైథాన్ కోర్సులో పబ్లిక్ కేసులు కొన్ని చూపించి ప్రైవేట్‌వి కొన్ని దాచేవాళ్ళు, అది పర్లేదు. అన్నీ దాచేస్తే గుడ్డిగా మార్చుకుంటూ సబ్మిట్ కొట్టడమే.

బందరు_మాస్టారు

బాబూ నాని, మాట్లాడొచ్చో లేదో ఏమిటి, నువ్వు చెప్పిందే ముఖ్యం. నా దగ్గర ఇన్‌పుట్ దాచిపెడతాను, కేసు పేరు దాచను. "ఖాళీ లిస్టు నుంచి డిలీట్: ఫెయిల్" అని పిల్లవాడికి కనపడుతుంది. అసలు వాల్యూలు కనపడితే కొంతమంది ఇన్‌పుట్ 5 అయితే 120 ప్రింట్ చెయ్యి అని ఇఫ్ రాసేస్తారు కాబట్టి అవి మాత్రం దాస్తాను, వారం వారం మారుస్తాను.

డాలస్_టీఏ

నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తూ ప్రోగ్రామింగ్ కోర్సుకి టీఏగా (టీచింగ్ అసిస్టెంట్) చేశా, కాబట్టి దిద్దేవాళ్ళ వైపు నుంచి చెప్తా. మాకు గ్రేడ్‌స్కోప్ అనే దిద్దే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు, దాంట్లో నాకు బాగా నచ్చింది ఏంటంటే రుబ్రిక్ ముందే అంతా పూర్తిగా రాసుకోనక్కర్లేదు. దిద్దుతూ ఉంటే కొత్త తప్పు కనపడింది అనుకోండి, "హెడ్ అప్‌డేట్ చెయ్యలేదు, మైనస్ 1" అని ఒక ఐటమ్ చేర్చుకుంటాం, తర్వాత అదే తప్పు ఎవరిలో కనపడినా అదే ఐటమ్ టిక్ చేస్తాం. నూటయాభై పేపర్లయ్యాక మైనస్ 1 ఎక్కువ, అర చాలు అనిపిస్తే ఆ ఒక్క చోట మారిస్తే ఆల్రెడీ దిద్దినవాళ్ళందరికీ మారిపోతుంది. మీకు ఆ సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఎక్సెల్‌లో ఇదే చెయ్యొచ్చు అక్కా, అడ్డంగా తప్పుల పేర్లు, నిలువుగా రోల్ నంబర్లు, గడిలో 1 వెయ్యడమే, పై వరసలో ఆ తప్పుకి ఎంతో రాసి గుణించుకోవడమే.

"గుడ్, యావరేజ్" గడులతో గొడవ ఎక్కడంటే నా యావరేజ్ వేరు, పక్క టీఏ యావరేజ్ వేరు. మేం మొదట్లో అందరం ఒకే పది సబ్మిషన్లు ఎవరికి వాళ్ళం దిద్ది పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్ళం, తేడా ఎక్కడొచ్చిందో అక్కడ మాట్లాడుకుని ఐటమ్ మాటలు మార్చేవాళ్ళం. మూడు సెక్షన్లకి ముగ్గురు ఫ్యాకల్టీ ఉంటే మీరూ అది తప్పకుండా చెయ్యండి, లేకపోతే ఏ సెక్షన్‌లో పడ్డామన్నదాన్ని బట్టి మార్కులు వస్తాయి.

బెజవాడ_పైథాన్_టీచర్

మా సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్ ప్రాక్టికల్ 30కి ఉంటుంది. ల్యాబ్ టెస్టు 12, రిపోర్ట్ ఫైల్ 7, ప్రాజెక్టు 8, వైవా 3. ల్యాబ్ టెస్టులో పైథాన్ ప్రోగ్రాంకి 8, ఎస్‌క్యూఎల్‌కి 4. ఆ పైథాన్ 8 మార్కులూ లాజిక్‌కి 60%, డాక్యుమెంటేషన్‌కి 20%, కోడ్ క్వాలిటీకి 20% అని బోర్డే విడగొట్టి ఇచ్చింది. కాబట్టి రాసిన తీరుకి కూడా మార్కులుండాలి అనేది స్కూల్ లెవెల్లోనే వచ్చేసింది, ఇంజినీరింగ్‌లో ఎందుకు లేదో నాకర్థం కాదు.

హైటెక్‌సిటీ_దేవ్

టీచర్ గారూ, లాజిక్ వరకూ సరే, డాక్యుమెంటేషన్ అని మార్కులు పెడితే పిల్లలు లైనుకొక కామెంట్ రాస్తారు, "ఐ ని ఒకటి పెంచుతున్నాం" అని. ఇరవై లైన్ల ప్రోగ్రాంలో అలాంటి కామెంట్లు చదవడానికి అడ్డమే. కోడ్ క్వాలిటీ అన్న మాట కూడా పెద్దది. అవునా కాదా అని చూసి చెప్పగలిగే ప్రశ్నలుగా విడగొట్టండి. పేరు చూస్తే అందులో ఏముందో తెలుస్తోందా? ఒకే నాలుగు లైన్లు రెండు చోట్ల కాపీ పేస్ట్ అయి ఉన్నాయా? వార్నింగ్ ఏదైనా మిగిలిందా? మాలాక్‌తో తీసుకున్న మెమరీని ఫ్రీ చేశారా? ఈ చివరి దానికి వాల్‌గ్రైండ్ అనే టూల్ ఉంది, మనం చూడక్కర్లేదు కూడా, ఎన్ని బైట్లు లీక్ అయ్యాయో అదే చెప్తుంది.

ఇంకొక ఐడియా, ఇది నాకు చాలా ఇష్టం. కోడ్ ఒక్కటే కాకుండా పిల్లల్నే టెస్ట్ కేసులు కూడా రాసివ్వమనండి. మీరు డిలీట్ ఫంక్షన్‌కి కావాలని తప్పులు పెట్టి నాలుగైదు వెర్షన్లు తయారు చేసి పెట్టుకోండి, ఒకదాంట్లో హెడ్ మారదు, ఒకదాంట్లో చివరి నోడ్ దాటి పోతుంది, ఒకదాంట్లో ఒకే నోడ్ ఉంటే తియ్యదు. వాడి టెస్టులు మీ తప్పు వెర్షన్లలో ఎన్నింటిని పట్టుకుంటే అన్ని మార్కులు. సరైన వెర్షన్‌ని తప్పు అంటే కట్. మాన్యువల్‌లో ప్రోగ్రాం దొరుకుతుంది గానీ ఇది దొరకదు, ఎక్కడ విరుగుతుందో ఆలోచించినవాడికే వస్తుంది.

ఫైనల్‌ఇయర్_నాని

అన్నా ఇది మాకు పెట్టి ఉంటే భలే ఉండేది. కానీ చాట్‌జీపీటీని అడిగితే టెస్ట్ కేసులు కూడా రాసిచ్చేస్తుంది కదా.

కావ్య_డీఎస్_ల్యాబ్

నానీ, అదే నా తర్వాత ప్రశ్న. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచీ ఇంటి దగ్గర చేసుకు రమ్మన్న దానికి మార్కులు వెయ్యడమంటే ఎవరికి వేస్తున్నామో తెలియట్లేదు. మాస్ లాంటి కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ పెట్టి చూడమని కొలీగ్ అన్నారు.

డాలస్_టీఏ

మాస్ మంచిదే అక్కా, స్టాన్‌ఫర్డ్‌ది, 1994 నుంచీ ఉంది, వేరియబుల్ పేర్లు మార్చినా పట్టుకుంటుంది. జేప్లాగ్ కూడా ఉంది, అది జర్మనీలో కార్ల్స్‌రూహె వాళ్ళది. కానీ లింక్డ్ లిస్ట్ డిలీట్ లాంటి పాతిక లైన్లకి అవి పెద్దగా పనికిరావు, కరెక్ట్‌గా రాస్తే అందరిదీ ఒకేలా ఉంటుంది, ఇంకెలా ఉంటుంది? మీరిచ్చిన హెడర్, స్కెలిటన్ కోడ్‌ని బేస్ ఫైల్‌గా ఇవ్వడం మర్చిపోకండి, ఇవ్వకపోతే క్లాసంతా కాపీ కొట్టినట్టు చూపిస్తుంది. పెద్ద ప్రాజెక్టులకి వాడండి. ఏఐతో రాయించింది మాత్రం అది పట్టుకోదు, ఎందుకంటే అది క్లాసులో ఒకరిదానితో ఒకరిది పోల్చి చూసేది మాత్రమే.

బందరు_మాస్టారు

పట్టుకోవడం మీద అంత శ్రమ వద్దమ్మా. పిల్లవాడి కోడ్ వాడి ముందే తెరిచి "దీన్ని ఇలా మార్చు" అనండి. డిలీట్ రాశావు కదా, ఆ వాల్యూ ఎన్నిసార్లు ఉంటే అన్నీ పోయేలా మార్చు. ఐదు నిమిషాలు. సొంతంగా రాసుకున్నవాడికి ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలుస్తుంది, సగమే చేసినా తెలుస్తుంది. ఎక్కడి నుంచి తెచ్చుకున్నా సరే, కూర్చుని అర్థం చేసుకుని వచ్చినవాడు కూడా మారుస్తాడు, వాడికి మార్కులివ్వడానికి నాకేం అభ్యంతరం లేదు.

కావ్య_డీఎస్_ల్యాబ్

మాస్టారూ, 60 మందికి ఐదేసి నిమిషాలంటే 300 నిమిషాలండీ. నా ల్యాబ్ మూడు గంటలు, అందులోనే వాళ్ళు రాయాలి కూడా.

బందరు_మాస్టారు

అందరినీ ప్రతి వారం పిలవక్కర్లేదు. వారానికి 15 మంది, 75 నిమిషాలు, మిగతావాళ్ళు అప్పుడు పని చేసుకుంటూ ఉంటారు. నాలుగు వారాలకి సెక్షన్ ఒక చుట్టు తిరుగుతుంది. ఎవరి వంతో అప్పటికప్పుడు చీటీ తియ్యండి, అయిపోయినవాళ్ళ చీటీలు ఆ చుట్టు అయ్యేదాకా పక్కన పెట్టండి, అందరికీ సమానంగా వస్తుంది. పిలిచిన రోజు వచ్చిన మార్కే ఆ నాలుగు వారాలకీ అని ముందే చెప్పేయండి.

ఓరుగల్లు_రవి

వైవా మాట వచ్చింది గాబట్టి చెప్తున్న, ఇది నా మనసుల ఉన్న బాధ. మా కాడికి వచ్చేటోళ్ళల్ల సగం మంది తెలుగు మీడియం, సర్కారు బడి పిల్లలు. కోడ్ మంచిగ రాస్తరు. బయట నుంచి ఎగ్జామినర్ వచ్చి ఇంగ్లీషుల గబగబ అడిగేసరికి నోరు పెగలది. పక్కన ఇంగ్లీష్ మంచిగ వచ్చిన పోరడు తెలిసీ తెలియక నాలుగు ముక్కలు మాట్లాడి మార్కులు పట్టుకపోతడు. నేను కండ్లార చూసిన, ఒక పిల్ల స్టాక్ (ఆఖరుకి పెట్టింది ముందు తీసే అమరిక) మొత్తం బోర్డు మీద బొమ్మ గీసి చూపించింది, టాప్ ఎక్కడ జరుగుతదో బాణం గీసి మరీ చూపించింది, "ఎక్స్‌ప్లెయిన్ ఇట్" అన్నడు, ఆమెకు మాట రాలే, 10కి 3 ఏసిండు.

మాస్టారు చెప్పినట్టు కీబోర్డ్ ముందల కూసోబెట్టి మార్చుమంటే గా బాధ ఉండది. మాట్లాడాల్సి వస్తే తెలుగుల చెప్పు, బొమ్మ గీసి చెప్పు అనాలె, అట్ల చెప్పినా ఫుల్ మార్కులు అని క్రైటీరియాలనే రాసి పెట్టాలె. రాయకపోతే కొత్తగ వచ్చిన సారుకి తెల్వది.

బెజవాడ_పైథాన్_టీచర్

రవి గారూ, నూటికి నూరుపాళ్ళు. మా దగ్గర ఇంగ్లీష్ మీడియం పిల్లలే, అయినా వైవాలో భయపడి తెలిసింది కూడా చెప్పలేరు. ఇది రాసి పెట్టాల్సిందే.

కావ్య_డీఎస్_ల్యాబ్

మీరందరూ చెప్పినవి చదివి ఒక డ్రాఫ్ట్ రాసుకున్నా, చూడండి. 10 మార్కులు. మాస్టారి ఆరు కేసులకి 3, అంటే కేసుకి అర. పిల్లలు రాసిచ్చే టెస్టులకి 2, నాలుగు తప్పు వెర్షన్లు, ఒక్కోటి పట్టుకుంటే అర. వార్నింగ్స్ లేకపోవడం, ఫ్రీ చెయ్యడం కలిపి 1. మిగతా 4 కీబోర్డ్ దగ్గర మార్పుకి. ఆ 4 ఇలా: ఎక్కడ మార్చాలో చూపిస్తే 1, మార్పు మొదలుపెట్టి దారి సరిగ్గా ఉంటే ఇంకో 2, అది పనిచేస్తే మిగతా 1. సమాధానం తెలుగైనా బొమ్మైనా సరే. రికార్డు ఇందులోంచి తీసేశా, ఇంటర్నల్‌లో ల్యాబ్ రిపోర్టుకని వేరే మార్కులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి అక్కడికి పంపించేశా, హెచ్ఓడీ గారు కూడా సరేనన్నారు. ఈ కాగితం వాళ్ళు కోడ్ రాయడానికి ముందే చేతికిస్తా.

ఆ ఇద్దరి మీదా దీన్ని పెట్టి చూశా. అమ్మాయికి కేసుల్లో 6కి 3 పాస్ అయ్యాయి కాబట్టి ఒకటిన్నర. పిలిచి అన్ని చోట్లా పోయేలా మార్చు అంటే నేరుగా లూప్ దగ్గరికెళ్ళింది, అక్కడ కూర్చునే హెడ్ సంగతి తనే కనిపెట్టి సరిచేసుకుంది, నాలుగుకి నాలుగూ వేశా. అబ్బాయికి కేసుల్లో 3కి 3, మార్పు దగ్గర ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

ఓరుగల్లు_రవి

మంచిగుంది మేడమ్. ఆ పిల్ల ఆడనే సరిచేసుకున్నది గద, పోయిన ఒకటిన్నర ఎట్ల? మళ్ళ సబ్మిట్ చేసేటందుకు లేదా? తప్పు తెలిసినంక దిద్దుకోనిస్తనే నేర్చుకుంటరు.

డాలస్_టీఏ

వచ్చే ల్యాబ్ లోపు సరిచేసి మళ్ళీ ఇస్తే పోయిన దాంట్లో సగం వెనక్కి ఇవ్వండి అక్కా, టెస్ట్ కేసుల భాగానికి మాత్రమే. స్క్రిప్టే రన్ చేస్తుంది కాబట్టి మీకు దిద్దే పని పెరగదు.

కావ్య_డీఎస్_ల్యాబ్

అది చేర్చేస్తా. అబ్బాయికి కూడా ఇంకోసారి అవకాశం ఇవ్వాలనుకుంటున్నా, వచ్చే చుట్టు దాకా ఆగకుండా, కావాలంటే వాడే పేరిచ్చి రావచ్చు అని.

వచ్చే వారం స్టాక్‌తో పోస్ట్‌ఫిక్స్ ఎవాల్యుయేషన్, అంటే గుర్తు అంకెల తర్వాత రాసే లెక్కలు చెయ్యడం. దానికి ఏ కేసులు పెట్టాలి మాస్టారూ?

బందరు_మాస్టారు

కూడిక, గుణకారం మీద ఎక్కువ కేసులు పెట్టకండి, స్టాక్ పైనుంచి పాప్ చేసిన (తీసిన) రెండూ తారుమారైనా ఆన్సర్ అదే వస్తుంది. "8 2 -" ఇవ్వండి, 6 రావాలి, తారుమారు చేసినవాడికి మైనస్ 6 వస్తుంది. "8 2 /" కూడా అంతే. "12 3 +" ఇవ్వండి, ఒక్కో క్యారెక్టరే చదివేవాడు 12ని 1, 2 అని రెండుగా తోస్తాడు. ఒట్టి "+" ఒకటి, ఖాళీ స్టాక్ మీద పాప్ చేస్తే ఏం చేస్తాడో చూడ్డానికి. "5 3" అని ఆపరేటర్ లేకుండా ఒకటి, చివర స్టాక్‌లో రెండు మిగిలినా పట్టించుకోకుండా పైది ప్రింట్ చేసేస్తారు చాలామంది. సున్నాతో భాగహారానికి ఏం తిరిగివ్వాలో మీ హెడర్ ఫైల్లోనే రాసిచ్చేయండి, అది చెప్పకుండా టెస్ట్ మాత్రం పెట్టకండి.

ఓరుగల్లు_రవి

మేడమ్, ఆ టెస్ట్ ఫైళ్ళు, షెల్ స్క్రిప్ట్ అయినంక ఈడ పెట్టురి. మా పాలిటెక్నిక్ పిల్లలకు సుత పనికొస్తయి, టర్బో సీ సిస్టమ్స్‌ల నడిచేటట్టు నేను మార్చుకుంట.